రాయగడ ఎండలో ఆరిన చోళ్లు

మైత్రికి మొదటి బడిసంచి కొన్నాం. దాన్ని పెట్టడానికి అల్మారాలో కింది అర ఖాళీ చేస్తుంటే పాత రికార్డు పుస్తకం ఒకటి బయటపడింది. గట్టి అట్ట, లోపల నిలువు గీతలు, అంచుల్లో గోధుమరంగు మరకలు. మా మట్టి పరీక్షల ప్రయోగశాలలో నమూనాల వివరాలు రాసే పుస్తకం వంటిదే. కాని ఆఫీసుది కాదు. సొంత అవసరానికి ఆఫీసు కాగితం ఒక్కటైనా ముట్టకూడదన్న నియమంతో, కొరాపుట్ బజారంతా తిరిగి అటువంటిదే వెతికి కొనుక్కున్నాను. మొదటి పేజీలో నా చేతిరాత ఇప్పటికంటే నిటారుగా ఉంది. "మొదటి రోజు. నమూనా: మొలకెత్తిన చోళ్ల జావ. ఇచ్చినది: రెండు చెంచాలు. లోపలికి వెళ్లినది: నిర్ధారించలేము. ప్రతిస్పందన: అసమ్మతి." మూడో రోజు దగ్గర "తీవ్ర అసమ్మతి" అని ఉంది. అయిదో రోజు దగ్గర, "ప్రతిపక్షం ఏడ్చి సభ నుంచి నిష్క్రమించినది" అని.

మావారు నా భుజం మీదుగా చదివి, నేల మీద చతికిలబడి మరీ నవ్వారు. మైత్రి పరుగెత్తుకొచ్చింది. "నానా, ఏటి నవ్వుతున్నావు? ప్రతిపక్షం అంటే ఏటి?" అని అడిగింది. "నువ్వేనే!" అన్నారాయన. అయిదేళ్లు నిండని పిల్ల, ఆ పదవి తనకు తగినదే అన్నట్టు తలూపి వెళ్లిపోయింది.

జ్ఞాపకాలు రాయడానికి నా వయసు చాలదని నాకు తెలుసు. ఈ ఆక్షేపణను ముందుగా నేనే లేవనెత్తి, నేనే సమాధానం చెప్పుకోవడం న్యాయం. మనిషికి ఒకటే బాల్యం ఉంటుందని ఎవరు నిర్ణయించారు? తల్లితనానికీ ఒక బాల్యం ఉంటుంది. అడుగు వేయబోయి పడిపోయే రోజులు, ఎదుటివారి మాట అర్థం కాకుండానే ఎదురు చెప్పే రోజులు అందులోనూ ఉంటాయి. ఈ పుస్తకంలోని పేజీలు నేను తల్లిగా పాకుతున్న కాలానివి.

అప్పటికి నన్ను నేను ఎలా ఎరుగుదునో చెప్పాలి. దామంజోడి టౌన్‌షిప్‌లో టెక్నీషియను కూతురిగా పెరిగాను. కళాశాలలో వక్తృత్వ పోటీలు, చర్చావేదికలు నన్ను తీర్చిదిద్దాయి. ఏ విషయానికైనా అనుకూలంగా మూడు మాటలు, ప్రతికూలంగా మూడు మాటలు సిద్ధం చేసుకోనిదే నిద్రపట్టేది కాదు. పెళ్లిచూపుల్లో వంట వచ్చా అని అడిగితే, అదే ప్రశ్న అబ్బాయిని కూడా అడిగాక జవాబు చెబుతానన్నాను. అబ్బాయి, అంటే మావారు రమణ, టీ మాత్రం పెట్టగలనని నిజాయితీగా ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలే మా పెళ్లికి పునాది. ఆయనది కొరాపుట్, రాయగడ మధ్య తిరిగే బండ్లలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం. నాది కొరాపుట్‌లో మట్టి పరీక్ష. చేరి ఎక్కువ కాలం కాలేదు కనుక, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. కాన్పు రోజు వరకూ పనికి వెళ్లి సెలవు మిగుల్చుకున్నాను. మైత్రికి ఆరో నెల నిండి, నా పాలతో పాటు మరో ఆహారం మొదలుపెట్టమని డాక్టరు చెప్పిన నాటికి నా చేతిలో అయిదు వారాలున్నాయి. ఇక సెలవు పొడిగించడం వీలుపడదని పై అధికారి మర్యాదగానే, స్పష్టంగానే చెప్పారు.

కాబట్టి లెక్క తేలికైనది. ఆ అయిదు వారాల్లో మైత్రి చెంచాతో తినడం నేర్చుకోవాలి, అదీ నేను ఇంట్లో లేని వేళ, మరొకరి చేతి నుంచి. నేర్చుకోకపోతే ఉద్యోగం మానేయాలి. మా అమ్మ మోకాలి ఆపరేషను చేయించుకుని విజయనగరంలో మంచం మీద ఉంది. బంధువులు ఫోను చేసి, "మానెయ్యి, ఏం పోయింది?" అనేవారు. మావారు "నీ ఇష్టం" అనేవారు. అది నా పక్షమూ కాదు, వారి పక్షమూ కాదు. తటస్థతను నేను ఏ పోటీలోనూ గౌరవించలేదు.

బిడ్డ ఆహారం విషయంలో నాకు నియమాలుండేవి. డబ్బా ఆహారం వద్దు. చుట్టూ కొండల మీద పండే ధాన్యం ఉండగా డబ్బా దేనికన్నది నా ప్రశ్న. ఫోనులో బొమ్మలు చూపించి, బిడ్డ ఏమరుపాటున ఉండగా నోట్లో కుక్కడం వద్దు. చక్కెర వద్దు, ఉప్పు వద్దు. బలవంతం అసలే వద్దు. ఇంత వరకూ ఇప్పటికీ నిలబడే వాదనే. నేను అక్కడ ఆగలేదు. బతిమాలడం కూడా ఒక రకం బలవంతమేనని తీర్మానించాను. పాటలు, కాకులు, చందమామలు, చివరికి నా ముఖంలోని నవ్వు కూడా బిడ్డ స్వేచ్ఛాయుత నిర్ణయాన్ని ప్రభావితం చేస్తాయని నమ్మాను. అందుకని చెంచా పట్టుకుని, ముఖంలో ఏ భావమూ లేకుండా, చర్చాపోటీలో మార్కులు వేసే పెద్దమనిషిలా దాని ఎదుట కూర్చునేదాన్ని. మైత్రి నా ముఖాన్ని చాలాసేపు పరిశీలించేది. ఏదో తప్పు చేశానేమో అన్నట్టు కింది పెదవి ముందుకు వచ్చేది. ఆ తరువాత జరిగేది పుస్తకంలో రాసి ఉంది.

మేం చోళ్లనే రాగుల్ని కొరాపుట్ సంతలో మాండియా అంటారు. కొండ దిగి వచ్చే ఆడవాళ్లు వెదురుబుట్టల్లో తెచ్చి పరుస్తారు. నేను గింజల్ని అరచేతిలో పోసుకుని, ప్రయోగశాలలో మట్టిని చూసినట్టు అటూ ఇటూ తిప్పుతుంటే, అమ్మే ఆమె నా చంకలోని మైత్రిని చూసి "పిలా పాయిఁ?" అని అడిగింది. అవును, బిడ్డకోసమే అన్నాను. ఆమె నేను ఏరిపెట్టుకున్న గింజల్ని తిరిగి తన బుట్టలో పోసేసి, వెనకున్న మరో మూట విప్పి కొలిచింది. అవి ఎందుకు మంచివో వివరించలేదు. నేను కారణం అడిగితే నవ్వింది. కారణం లేని మంచిని స్వీకరించడం నాకు అప్పట్లో కష్టంగా ఉండేది.

చోళ్లు కడిగి, నానబెట్టి, పలచని గుడ్డలో మూటకడితే ఒకటిన్నర రోజుకు తెల్లని మొలకలు గుడ్డను పొడుచుకుని వచ్చేవి. ఇంటినిండా తడి ధాన్యపు పచ్చివాసన, పాలచారల మధ్య పడుకున్న పసిపిల్ల వాసన, వానాకాలపు గోడల వాసన కలిసిపోయేవి. చిక్కల్లా ఆరబెట్టడంలో ఉంది. వానల వేళ కొరాపుట్‌లో మబ్బు కిటికీలోంచి లోపలికే వస్తుంది. దండెం మీది లంగోటాలు మూడో రోజుకు కూడా చల్లగానే ఉంటాయి. మొదటి విడత మొలకలు ఫ్యాను కింద పరిస్తే పులిసిపోయాయి. రెండో విడతకు బూజు పట్టింది. రెండూ పారబోశాను. పుస్తకంలో నమోదైన మొదటి రోజుల జావ, వాటికి ముందు కొద్దిగా నానబెట్టి చూసినప్పుడు ఎలాగో ఆరిన గింజల్ని నేను వేయించకుండా పొడిచేసి కాచినది. అది ఎలా ఉండేదంటే, రుచి చూసిన మావారు, "ఆరోగ్యకరంగా ఉంది" అని మాత్రమే అన్నారు.

ఫోనులో నా గోడు విని తోటి ఉద్యోగిని ఒకామె సలహా చెప్పింది. "ప్రయోగశాలలో మట్టి ఆరబెట్టే పొయ్యి ఉంది కదా, ఒక గంట పెట్టుకుంటే ఎవరికి నష్టం?" నష్టం లేకపోవడం అనుమతి కాదని ఆమెకు పది నిమిషాలు చెప్పాను. ఆమె నాకు మళ్లీ సలహా ఇవ్వలేదు.

మావారే ఆ మాట తెచ్చారు. "మన కొరాపుట్‌లో లేని ఎండ రాయగడలో ఉంది. అమ్మ మేడ మీద ఆరబెడుతుంది. నేను రోజు విడిచి రోజు వెళ్తూనే ఉంటాను."

ఆ మాట అంత తేలిగ్గా రుచించకపోవడానికి కారణం ఉంది. రాయగడలో మా అత్తవారిది పప్పుల, దినుసుల టోకు దుకాణం. మామయ్య సరకు తేవడానికి తిరుగుతుంటే, కొట్టు గల్లా ముందు కూర్చునేది అత్తయ్య. నెలల బిడ్డను చూడటానికి వచ్చినప్పుడు ఆవిడ వెండి ఉగ్గుగిన్నె ఇచ్చి, బిడ్డను చాచిన కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గు పొయ్యాలని చెప్పింది. అలా పోస్తే ఊపిరిగొట్టంలోకి పోతుందని నేను చెప్పాను. ఆవిడ ఇంతమందిని అలాగే పెంచామంది. బతికినవారి లెక్క మాత్రమే చెబుతున్నారని నేనన్నాను. అప్పటి నుంచి మా మధ్య వాయిదా పడిన చర్చ ఒకటి ఉంది. ఆవిడ ఎండను అడగడమంటే ఓడిపోయినట్టేనా? మూడో విడత మొలకలు కూడా జిగురెక్కడం మొదలయ్యాక, ఎండ ఎవరి పక్షమూ కాదని నాకు నేను నచ్చజెప్పుకుని ఫోను చేశాను.

"ఎండలో ఆరబెట్టి, పిండి విసిరి పంపండి చాలు, అత్తయ్యా. వేయించవద్దు. వేయిస్తే పోషకాలు కొన్ని తగ్గుతాయి."

"అలాగేనమ్మీ. ఇంకేటేటి సెయ్యొద్దో సెప్పు, రాసుకుంతాను."

"గింజల్లో రాళ్లు లేకుండా చూడండి."

"ఓలమ్మ! రాళ్లేరకండా ఇన్నేళ్లూ పప్పులమ్మేననుకుంతన్నావేటి? ఉండు, మీ మామయ్యకి సెప్పి నవ్వుకోనీ."

అలా మొదలైంది ఆ రాకపోకల కాలం. నీళ్లు వార్చి బిగించిన మొలకల మూట చిల్లుల మూత ఉన్న స్టీలు డబ్బాలో పొద్దుటి బండి ఎక్కేది. కకిరిగుమ్మ స్టేషను దాటేదాకా కిటికీల మీద చినుకులేనని, ఆ తరువాత సొరంగాలు దాటి బండి కిందికి దిగేకొద్దీ డబ్బా మీద ఎండ పడేదని మావారు చెప్పేవారు. మధ్యాహ్నానికి మూట రాయగడ మేడ మీద పాత నూలుచీర మీద విచ్చుకునేది. రెండు రోజుల తరువాత పిండిగా మారి ఎదురు బండిలో వచ్చేది. తోటి తనిఖీ ఉద్యోగులు మావారిని ఆట పట్టించేవారట. "ఏటి రమణా, ఈ మూటకి టికెట్టు తీసినావా నేదా?" అంటే, "ఇది మా అమ్మాయి సరకు. అయిదేళ్ల లోపోళ్లకి టికెట్టు నేదు, రూలు సూసుకో" అనేవారట.

మొదటి డబ్బా మూత తీసిన క్షణం నాకు ఇప్పటికీ ముక్కులోనే ఉంది. కమ్మని వాసన. పుట్నాలు వేగే వీధిలో నడుస్తున్నట్టు, తడిసిన పొయ్యి మొదటిసారి రాజుకున్నట్టు. పిండి రంగు కూడా నేనెరిగిన దానికంటే ఒక ఛాయ ముదురు. మట్టి రంగుల్ని పట్టికతో పోల్చి చెప్పడమే నా వృత్తి. ఆ ఛాయ ఎండతో వచ్చేది కాదు, మూకుడుతో వచ్చేది. అయినా నేను అడగలేదు. ఎందుకంటే ఆ రోజు చన్నీళ్లలో కలిపి, సన్నటి మంట మీద మెరుపు వచ్చేదాకా కాచి, చల్లార్చి ఇస్తే మైత్రి నాలుగు చెంచాలు మింగింది. పుస్తకంలో "పాక్షిక అంగీకారం" అని రాశాను. కారణం దగ్గర "రాయగడ ఎండ" అని రాశాను. అది అబద్ధమని రాస్తున్నప్పుడే తెలుసు.

నాలుగు చెంచాలతో అంగీకారం ఆగిపోయింది. అయిదు వారాల్లో మూడు అప్పటికే గడిచాయి. నాలుగు చెంచాలతో ఒక పూట గడవదు. అయిదో చెంచా కనబడగానే మైత్రి నా ముఖం చూసేది, పెదవి చాచేది. ఆఫీసులో చేరడానికి రెండు వారాలుండగా, ఒక మధ్యాహ్నం మావారి వెనుకే అత్తయ్య వచ్చింది. ఒక చేతిలో పిండి డబ్బా, మరో చేతిలో తడిసిన గొడుగు. వస్తానని ముందుగా చెప్పలేదు. గుమ్మంలోనే ఆగి, దిండ్ల ఆసరాతో కూర్చున్న మనవరాలినీ, ఎదురుగా చెంచా పట్టుకుని కూర్చున్న నన్నూ చూసింది.

"ఏటమ్మీ, అలా జడ్జీనాగ కూసున్నావు? పిల్లేటి నేరం సేసినాది?"

నా సిద్ధాంతం వివరించాను. నేను నవ్వితే అది నా నవ్వు కోసం తింటుందని, ఆకలి కోసం కాదని, దాని నిర్ణయం దానిదిగా ఉండాలని చెప్పాను. ఆవిడ చీర చెంగుతో కాళ్లు తుడుచుకుంటూ పూర్తిగా విన్నది.

"నీ నవ్వు కోసం తింతే తప్పేటి? నువ్వెవులి కోసం వొండినావు, నీ ఆకలి కోసమా?"

అత్తయ్య చేతులు కడుక్కుని వచ్చి, నా చేతిలోని చెంచా తీసుకుంది. మాటా లేదు, పాటా లేదు. మైత్రి కళ్లలోకి చూస్తూ తన నోరు తాను పెద్దగా తెరిచింది. ఎడమవైపు రెండు పళ్లు లేవు. మైత్రి ఆ అద్భుతాన్ని చూసి తన నోరూ తెరిచింది. చెంచా లోపలికి వెళ్లింది. అత్తయ్య నమిలినట్టు దవడ ఆడించింది, మైత్రి కూడా. అయిదో చెంచా వెళ్లింది, ఆరోదీ వెళ్లింది. ఏడో దానికి పిల్ల కిలకిలా నవ్వి జావంతా అమ్మమ్మల కాలం నాటి పట్టుచీరలా మెడనిండా కప్పుకుంది.

"పోటీల్లో నోరు తెరిసి కప్పులు తెచ్చినావంతారు, ఈ గుంట ముందు మూసుకు కూసున్నావేటమ్మీ?" అంది అత్తయ్య. మావారు వంటింట్లోకి వెళ్లి నవ్వుకున్నారు. గిన్నెలు కదిలిన చప్పుడు వినబడింది.

ఆ ఓటమి భరించలేక నా దగ్గర మిగిలిన ఆయుధం తీశాను. "ఈ పిండి వేయించినదే కదా, అత్తయ్యా?"

"అవును."

"వేయించవద్దని చెప్పాను."

"సెప్పినావు. నువ్వెప్పుడు కనిపెట్టినావు?"

"మొదటి డబ్బా మూత తీసినప్పుడే."

"మరి ఆ దినమే అడగనేదేటి?"

ఆవిడ ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "పిల్ల తింటోంది కనుక అడగలేదు" అన్నాను. నా జీవితంలో నేను ఇచ్చిన సమాధానాల్లో అతి చిన్నది అదే కావచ్చు.

"నాను అందుకే సెప్పనేదు. అడిగితే అబద్దమాడును కాను. మన ఇద్దరిదీ ఒకటే తప్పు, సగం సగం" అని తేల్చి, ఆవిడ చెంచా నాకు ఇచ్చింది. "వాసన నేని పిండి కొట్లో ఎవులికీ కొలవనేదు నాను. మనవరాలికి కొలుత్తానా?"

ఆ సాయంత్రం వాన తగ్గలేదు. మైత్రి మూతి తుడుస్తూ అత్తయ్య చెప్పిన సంగతి, అంతవరకూ నాకెవరూ చెప్పనిది, నేను అడగనిది కూడా. రమణకి ఈ వయసున్నప్పుడు ఆవిడ అతన్ని కొట్లోనే పెంచింది. కందిపప్పు బస్తాకూ మినప్పప్పు బస్తాకూ మధ్య గోనెపట్టా పరిచిన గంప. వెనక కుంపటి మీద జావ గిన్నె. ఎడమ చేత్తో జావ తిప్పుతూ, కుడి చేత్తో తక్కెడ పట్టుకునేది. బేరం ఎక్కువైన రోజున జావ మాడేది. మాడినది తాను తాగి, పిల్లాడికి మళ్లీ కాచేది. "సెంచా ఎట్టడానికి నాకు సెయ్యి ఖాళీ ఏది? కొట్టుకొచ్చినోలందరూ ఎట్టీవోరు. గాజులమ్ముకునే ఆవిడొకర్తి, బండితోలీవోడొకడు. పప్పు కట్టించుకున్నంత సేపూ ఓ సెంచా, ఓ సెంచా. అందుకే మీ ఆయన ఎవులు ఎట్టినా తింతాడు, సూడు."

ఉద్యోగం చేసే తల్లి సమస్య మా తరంతో మొదలైందని నేను కళాశాల వేదిక మీద నిలబడి, బల్ల చరిచి మరీ మాట్లాడాను. బహుమతి కూడా వచ్చింది. ఆ సమస్యను తక్కెడ పట్టుకుని పరిష్కరించిన మనిషికి, మొలకలు ఎలా ఆరబెట్టాలో ఫోనులో పాఠం చెప్పాను.

అయితే అన్నింటా ఓడిపోయానని రాస్తే అదీ అసత్యమే. మర్నాడు ఆవిడ గోడకానుకుని కాళ్లు చాచి, ఉగ్గుగిన్నె తెమ్మంది. నేను తేలేదు. "ఇక్కడ మాత్రం నేను వదలను, అత్తయ్యా. మీరు వెల్లకిలా పడుకుని ఒక గుక్క నీళ్లు తాగి చూపించండి. తాగగలిగితే మీరన్నట్టే పోద్దాం." అత్తయ్య న్యాయమైన మనిషి. చాప మీద పడుకుంది. నేను గ్లాసు అందించాను. ఒక్క గుక్కకే పొలమారి, ముక్కులోంచి నీళ్లొచ్చి, లేచి కూర్చుని దగ్గుతూ నవ్వుతూ, నవ్వుతూ దగ్గుతూ నా వీపు మీద ఒక దెబ్బ వేసింది. పక్క గదిలోంచి మావారు, "అమ్మా, ఏటైనాది?" అని పరుగెత్తుకొచ్చారు. "ఏటి నేదురా. నీ పెళ్లాం గెలిసినాది" అంది. ఆ రోజు నుంచి మైత్రి ఆవిడ ఒళ్లో నిటారుగా, మోకాలికి ఆనుకుని కూర్చునే తింది. ఉగ్గుగిన్నెలో ఇప్పుడు కుంకుమ ఉంది.

కొట్టు మామయ్యకు అప్పగించి, నేను పనికి వెళ్తే బిడ్డను చూసుకుంటానని అత్తయ్య ఉండిపోయింది. అసలు పరీక్ష మాత్రం తేలలేదు. నేను ఎదుట ఉంటే నవ్వుతూ తినే పిల్ల, నేను తలుపు చాటుకు వెళ్లగానే చెంచా వదిలి తలుపు వైపు చూసేది. నా గాజుల చప్పుడు విన్నా, ఆరవేసిన నా చీర కదిలినా నోరు మూసేసేది. రోజులు దగ్గరపడ్డాయి. రేపు చేరాలనగా అత్తయ్యతో చెప్పాను, రేపు అది తినకపోతే నేను ఉద్యోగం మానేస్తానని. ఆవిడ దుప్పటి మడతపెడుతోంది. "ఒక్క పూట బేరం నేదని కొట్టు మూసుకుంతే, నాను మొదటి ఏడే మూసీదాన్ని. ఎల్లు. నువ్వు ఇంట్లో ఉన్నన్నాళ్లూ అది నీ కోసమే సూత్తాది."

ఇప్పుడు పరిస్థితులు మారాయి. మొలకల పిండి పొట్లాలు రాయగడలో మా అత్తయ్య కొట్లోనే దొరుకుతాయి. ఆస్పత్రి నర్సులు, బడిపంతులమ్మలు పని నుంచి వెళ్తూ కొనుక్కుంటారు. వేయించినదా, వేయించనిదా అని అడిగినవారికి ఆవిడ పొట్లం విప్పి వాసన చూపిస్తుంది. నన్ను చూస్తే మాత్రం, "మా కోడలు పట్టికలో రాసి సెప్తాది" అంటుంది. నేనిప్పటికీ వాదిస్తాను. అప్పట్లో ఎదుటివారి మాట పూర్తి కాకముందే నా జవాబు సిద్ధంగా ఉండేది. ఇప్పుడు కొన్నిసార్లు జావ చల్లారేంత సేపు ఆగుతాను. ఆ తేడా నా వృద్ధి అని చెప్పుకోవాలని ఉంది గాని, మావారు ఒప్పుకోరు. అప్పటి ఇల్లు ఇరుకు, గోడలు చెమ్మ, సెలవు చాలదు, నిద్ర చాలదు. అయినా ఆ అయిదు వారాలు మళ్లీ ఇస్తామంటే, నియమాలు సగం వదిలేసి పుచ్చుకుంటాను. ఏ సగమన్నది చర్చనీయాంశం.

తిరిగి పనిలో చేరిన ఆ రోజు పొద్దున్న మైత్రికి కడుపునిండా పాలిచ్చి, వెనక్కి చూడకుండా వెళ్లాను. ప్రయోగశాలలో నమూనాలు పేరుకుపోయి ఉన్నాయి. మట్టి జల్లిస్తూ, తూస్తూ, గోడ గడియారం వైపు చూడనని నిశ్చయించుకుని, ముంజేతి గడియారం చూశాను. మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి కారియరు లేదు. ఇంట్లో బల్ల మీదే మరిచిపోయాను. ఇల్లు పది నిమిషాల నడక. కావాలని మరిచిపోయానేమో నేను ఇప్పటికీ చెప్పలేను.

వీధి తలుపు దగ్గరకు వేసి ఉంది. కిటికీ రెక్క సగం తెరిచి ఉంది. నేను గొడుగు మూసి, గోడ వారగా, కనబడకుండా ఆగాను. లోపల అత్తయ్య గొంతు.

"ఒద్దా? ఒద్దంతే ఒద్దు. నాకేటి తొందర? కొట్టుకాడ మీ తాతున్నాడు."

చూరు నీళ్లు నా కాలి మీద పడుతున్నాయి. మైత్రి చిన్నగా ఏదో రాగం తీసింది. ఏడుపు మొదలయ్యే రాగం. నా చేయి తలుపు మీదికి వెళ్లింది. అత్తయ్య బతిమాలలేదు, పాడలేదు. తరువాత చెంచాతో గిన్నె అంచు మీద రెండుసార్లు తట్టింది.

"మీ అమ్మ ఆపీసుకెల్లి మట్టి జల్లిత్తన్నాది. సాయంత్రానికొచ్చెత్తాది. ఆఁ... ఆఁ... అదీ! ఓలమ్మ, నా ఏలు కొరుకుతావేటే!"

మింగిన చప్పుడు వినబడిందంటే ఎవరూ నమ్మరు. నాకు వినబడింది. తరువాత మరొకటి. తరువాత గిన్నె అడుగున చెంచా గీసుకుంటున్న శబ్దం, నేలను అరచేతులతో కొడుతూ ఇంకా కావాలని మైత్రి చేసే అధికారపూర్వకమైన చప్పుడు. ఒక క్షణం గుండెలో ముల్లు దిగినట్టయింది. నేను లేకుండానే తింది. ఇన్ని వారాలు నేను శ్రమపడి, భయపడి, వాదించి సాధించదలచినది సరిగ్గా అదే కదా అన్న ఆలోచన, ముల్లు దిగాక గాని రాలేదు. కిటికీ సందులోంచి బల్ల మీద నా కారియరు కనబడుతోంది. లోపలికి అడుగుపెడితే మైత్రి నన్ను చూస్తుంది, నోరు మూస్తుంది.

తలుపు మీది నుంచి చేయి తీసేశాను. చప్పుడు కాకుండా మెట్టు దిగి, ఖాళీ కడుపుతో ఆఫీసు వైపు తిరిగాను. వాన జోరందుకుంది. ఎదురుగా వస్తున్న ఒక ముసలాయన నన్ను వింతగా చూసి, నవ్వి, పక్కకు తప్పుకున్నాడు. వీధి మలుపు దాటాక గాని, మూసిన గొడుగు చేత్తో ఊపుకుంటూ నడుస్తున్నానని నాకు తెలియలేదు.